గోడ మీది ఓడ

నమోదు 61

ఈ ఉదయం గాజులమ్మి బొమ్మను చీకటి నిద్ర గదికి పంపి, ఆ చోట ఓడ బొమ్మ గుడ్డను తగిలించాం. గాజులమ్మి మూణ్ణెల్లు గోడమీద ఉంది. మలారంలోని ఆకుపచ్చ గాజులు వచ్చినప్పటికంటే పలచబడ్డాయని నాకు అనిపించింది. వెలుగు మీటర్ చూసే ఖాజా భాయ్ ఆశ్చర్యపోలేదు.

"ఆకుపచ్చ అంతే సిస్టర్. మనిషి తన వంక చూస్తే చాలు, పారిపోతుంది."

కాన్వెంటులో చదివానని నన్ను సిస్టర్ అంటాడు. వద్దని చెప్పాలంటే నాకు మొహమాటం.

మా హాల్లో దీపం లేదు. తలుపు కింద సందులోంచి వచ్చేదే వెలుగు. అంతకు మించితే రంగులు చచ్చిపోతాయి. ఆ కాస్త వెలుగులో మామూలు మనిషికి తన చెయ్యి తనకు కనపడదు. అందుకే చూపరులమైన మా ఏడుగురి కళ్ళకూ పొరలు వేశారు. బయట ఎవరినైనా కళ్ళకు పొరలు కమ్మాయంటే అది తిట్టు. మాకు అది ఉద్యోగం. పొర పడ్డాక మామూలు దీపం ముందు సూదులు గుచ్చినట్టుంటుంది, నల్లద్దాలు లేకుండా వసారా దాటలేం. నాకు కలిగిన లాభం ఒకటే. దుప్పటి కింద కూడా పుస్తకం చదువుకోగలను.

బొమ్మ తగిలించాక దమయంతక్క నన్ను వసారాలో ఆపింది.

"ఏమే ఫిలోమినా, కొత్తది అడ్డంగా ఉందా, నిలువుగానా?"

తగిలించేటప్పుడు ఆమె నా పక్కనే నిలబడి ఉంది. సుత్తి నా చేతికి అందించింది ఆమే.

"అడ్డంగా అక్కా."

"ఆఁ, అదే. తెలుసు."

నమోదు 62

జనం దమయంతక్క కోసమే వస్తారు. తలుపు దగ్గర ముందే అడుగుతారు: "ఇవాళ దమయంతేనా, ఇంకెవరన్నానా?" ఇంకెవరన్నా అంటే నేను. అప్పుడు సగంమంది టీ తాగడానికి పోతారు.

తెరమీది బొమ్మను ఇప్పుడు ఎవరూ నమ్మరు. తెర ఏదడిగితే అది గీసిపెడుతుంది. అసలు బొమ్మ ముందు మనిషి నిలబడి, చూస్తూ చెబితే నమ్ముతారు. వాళ్ళు చీకట్లో బల్లల మీద కూర్చుంటారు, మేం బొమ్మ పక్కన నిలబడతాం. మొదటి మాట "చూస్తూ చెబుతున్నాను." ఆ తరవాత అంతా ఉంది, ఉన్నాడు, ఉన్నారు. ఉండేది అనే మాట మా నోట రాకూడదు. వస్తే చూడటం లేదనే అర్థం.

ఇవాళ అక్క ఓడ గురించి చెప్పలేదు. గొంతు నొప్పి అని నన్ను నిలబెట్టింది. వెనక బల్లమీద కూర్చుని నేను చెప్పిందంతా విన్నది. అందరూ వెళ్ళాక నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోవడానికి ముందు ఆ చెయ్యి గాలిలో వెతుక్కుంది.

"ఎడమది పోయి ఎన్నాళ్ళయిందో నేనే మర్చిపోయానే. కుడిది అంచులు చూపిస్తుంది. ఇప్పుడు నువ్వొక అంచువి. బక్క అంచువి."

నేను కొంగులో ముక్కు చీదాను.

"ఏడవకు. ముక్కు చీదితే వసారా దాకా వినపడుద్ది."

పొరలు జతగా కోసి వేస్తారు. ఒకటి పాడైతే రెండూ తీస్తారు, జత విడదీస్తే దేనికీ పనికిరాదట. పొర తీసిన కన్ను ఇక కన్ను కాదు. నేను చేరిన ఏడాది సరళ అనే చూపరికి తీయించారు. ఆ రోజు క్యూరేటర్ నరహరి గారు ఆమెకోసం స్వయంగా మజ్జిగ తెప్పించారు, అల్లం వేయించి.

అక్కకు ఆ కుడి కన్ను కావాలి. ఆదివారాలు ఆమె కూతురు మాణిక్యం వస్తుంది, ఏడేళ్ళ పిల్ల. "మొహం కనపడదులే. నేను అన్నం కలుపుతుంటే పక్కకు తిరిగి నాలుక బయటపెడుద్ది చూడు, ఆ అంచు కనపడుద్ది. ఆ కాస్తా పీకేస్తారే," అంది.

రోజూ పొద్దున బొమ్మ సంగతి నేను చెబుతానన్నాను.

నమోదు 63

"నీలం సముద్రం. ఓడ ఒకటి. తెరచాపలు మూడు. మనుషులు ఐదుగురు. టోపీలు ఉన్నాయి."

"ఇది బొమ్మా, సరుకుల చీటీయా?" అంది అక్క.

చూసింది చెప్పు, అనుకున్నది చెప్పకు అని సిస్టర్ బెర్నడెట్ నేర్పింది. ఆ మాటే అన్నాను.

"మీ సిస్టర్ని తీసుకొచ్చి నిలబెట్టు, ఎవరొస్తారో చూద్దాం. ఆ ఐదుగురూ ఎటు చూస్తున్నారు?"

"నలుగురు ముందుకు. ఒకడు వెనక్కి."

"ఎందుకు?"

"అది బొమ్మలో లేదక్కా."

"బొమ్మలో ఎందుకుంటుందే? మనిషి వెనక్కి చూస్తున్నాడంటే ఇంటిదగ్గర ఏదో మర్చిపోయాడు."

సాయంత్రం హాలు నిండింది. అక్క గోడకు ఒక చెయ్యి ఆనించి నిలబడింది. "చూస్తూ చెబుతున్నాను. సముద్రం నీలంగా ఉంది. నీలంలో నీలం, దాని కింద ఇంకో నీలం. ఓడమీద ఐదుగురున్నారు. గంపలు బోర్లించినట్టు టోపీలున్నాయి. నలుగురు ముందుకు చూస్తున్నారు. ఐదోవాడు వెనక్కి చూస్తున్నాడు, పొయ్యి ఆర్పి వచ్చానా లేదా అని."

చీకట్లో నవ్వులు. ఒక ముసలాయన దగ్గుతూ నవ్వాడు. నేను గోడమీదికి చూశాను. ఐదోవాడు నిజంగానే అలా చూస్తున్నాడు.

నమోదు 65

ప్రశ్నలడుగుతారు, అదీ భయం. అందుకని అక్క వెనక నేను నిలబడి మడమతో నేలను తడుతున్నాను. అవునంటే ఒకటి, కాదంటే రెండు.

ఇవాళ ఒకతను, "ఓడ మూతిమీద ఏముందమ్మా? చేప తలా, గుర్రం తలా?" అని అడిగాడు. అక్కడ ఉన్నది పిట్ట తల. దానికి మేం గుర్తేమీ అనుకోలేదు. తోచక మూడుసార్లు తట్టాను.

అక్క జనం వైపు తల తిప్పింది. "చేపా కాదు, గుర్రమూ కాదు నాయనా. చెప్పుకోండి చూద్దాం."

"ఏనుగు!" "మొసలి!" "మీ అత్తగారు!"

"పిట్ట," అంది ఒక పిల్ల.

ఒకటి తట్టాను.

"పిట్టే తల్లీ. నీ కళ్ళే కళ్ళు," అంది అక్క. హాలంతా చప్పట్లు.

బయటికి వచ్చాక ఇద్దరం వంటగదిలో కూర్చుని నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వాం. అక్క నవ్వితే మొహమంతా నవ్వుతుంది, కళ్ళు తప్ప. అవి ఎటో ఉంటాయి.

నమోదు 66

ఇవాళ తప్పు జరిగింది.

అక్క బాగా చెబుతోంది. ఓడ పక్కన నీటిమీద ఎర్రటి గీత ఉందని చెప్పింది. చిరివేరు ఉడికించి గుడ్డమీద అద్దే ఎరుపు, అది నేను చెప్పిందే. ఆ తరవాత, "అంచు దగ్గర నీలం చాలా చిక్కగా ఉండేది," అంది.

హాలు చప్పబడింది. రెండో వరసలో ఒక పెద్దావిడ, రిటైరైన టీచరట, గట్టిగా అడిగింది: "ఉండేది అంటావేమిటమ్మా? ఇప్పుడు లేదా?"

"ఉందండీ. మా ఊరి సముద్రం ఇలాగే ఉండేదని గుర్తొచ్చింది. నోరు జారింది."

"సముద్రం సంగతి మాకెందుకు, బొమ్మ సంగతి చెప్పు," అంది ఆవిడ. అందరూ నవ్వారు, సర్దుకుపోయింది.

కానీ వెనక బల్లమీద నరహరి గారు ఉన్నారు. చీకట్లో నాకు స్పష్టంగా కనపడుతున్నారు. ఆయన నవ్వలేదు. ఏదో రుచి చూస్తున్నట్టు పెదవులు కదుపుతున్నారు. ఉండేది. ఉండేది.

నమోదు 67

నరహరి గారు నన్ను పిలిచారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. నా కళ్ళకు ఇబ్బందని గదిలో దీపం ఆర్పించి, తాను చీకట్లో కూర్చున్నారు.

"ఒక్క ప్రశ్న తల్లీ. దమయంతి చూస్తోందా?"

"చూస్తోందండీ."

"నీకు అబద్ధం చెప్పడం రాదు. కాన్వెంటులో అది నేర్పరు కాబోలు." ఆయన నవ్వింది నాకు కనపడింది. నాకు కనపడుతుందని ఆయనకు తెలుసు. "సరే. సోమవారం బొమ్మ నేనే మారుస్తాను. తలుపు తాళం నా దగ్గరే ఉంటుంది. జనంతో పాటే మీరూ లోపలికి రండి."

నమోదు 68

నిద్ర గదిలోంచి బయటికి తీయదగ్గవి ఇప్పుడు మూడే ఉన్నాయి. ఓడ, గాజులమ్మి, పులి వేట. ఏది తగిలించినా అక్క చెప్పగలదు. ఏదో తెలిస్తే చాలు.

తలుపు దగ్గర జనాన్ని కూర్చోబెట్టడం నా పని. ఆ మాటతోనే చెబుతాను. మెల్లగా కూర్చోండి అంటే ఓడ. జాగ్రత్తగా కూర్చోండి అంటే గాజులమ్మి. సర్దుకుని కూర్చోండి అంటే పులి.

"సర్దుకుని కూర్చోండి అంటే పులా!" అని అక్క పడీపడీ నవ్వింది. ఆ తరవాత నా మొహాన్ని రెండు చేతులతో తడిమింది. ఎప్పుడూ చెయ్యలేదు అలా. "ఎముకలే ఉన్నాయి కదే. తినవా?"

నమోదు 69

తలుపు తీశారు. నేను ముందు వెళ్ళాను. అక్క ఇద్దరు మనుషుల వెనక వస్తోంది.

గోడమీద ఏమీ లేదు. మేకు ఉంది.

నా భుజంమీద నరహరి గారి చెయ్యి పడింది, తేలిగ్గా. వెనకనుంచి జనం తోస్తున్నారు. "కూర్చోవాలా, నిలబడాలా, చెప్పమ్మా," అన్నారెవరో. నేను ఊరుకుంటే అక్క నోరు తెరవడం కుదరదు, తెరవకపోతే అందరి ముందూ దొరికిపోతుంది. ఖాళీ అని చెప్పడానికి మాకు మాట లేదు.

"మెల్లగా కూర్చోండి," అన్నాను.

అక్క గోడదాకా నడిచింది. చెయ్యి ఆనించింది. మేకు ఆమె వేళ్ళకు జానెడు దూరంలో ఉంది. "చూస్తూ చెబుతున్నాను," అంది.

ఇంత బాగా ఆమె ఎప్పుడూ చెప్పలేదు. నీలం సముద్రం ముందు బల్లదాకా వచ్చింది. తెరచాప గాలికి ఎలా నిండిందో చెబుతుంటే జనం ఊపిరి బిగబట్టారు. ఐదోవాడు వెనక్కి చూస్తూనే ఉన్నాడు. ఈసారి పొయ్యి కాదు, రేవులో నిలబడిన మనిషి ఇంకా అక్కడే ఉందా అని. నా పక్కన ఒక ఆడమనిషి వెక్కివెక్కి ఏడ్చింది.

మేకు చుట్టూ సున్నం కొంచెం పెచ్చులూడి ఉంది. నేను అదే చూస్తూ నిలబడ్డాను.

నమోదు 70

నరహరి గారు కోప్పడలేదు. ఇద్దరికీ టీ ఇప్పించారు.

"నీకు గోడ ఖాళీ అని కనపడింది. అయినా కూర్చోమన్నావు. ఆమెకు ఏమీ కనపడలేదు. అయినా చెప్పింది. వాళ్ళకు ఎటూ కనపడదు. మరి బొమ్మ ఎవరికోసం తల్లీ వెలుగుకు రంగులు పోగొట్టుకుంటోంది?"

అక్క టీ గ్లాసు కింద పెట్టింది. బల్ల అంచు దాటి పెట్టింది. అది పడి పగిలింది. ఎవరూ వంగలేదు.

మ్యూజియం కమిటీకి ఆయన అప్పుడే రాసేశారు. బొమ్మలన్నీ నిద్రలోనే ఉంటాయి, ఇక ఎప్పటికీ; చూపరులు ఖాళీ గోడ ముందే చెబుతారు. ఒక్క రంగు కూడా పోదు. ఇన్నేళ్ళ తన ఉద్యోగంలో ఇంత మంచి రోజు లేదన్నారు. దమయంతిని తీసెయ్యరు. ఆమే పెద్ద చూపరి, మిగతావాళ్ళకు చెప్పడం నేర్పుతుంది. పొరలు మాత్రం ఊరికే ఉంచుకోవడం దండగ. ఈ కొండ సొరంగాల్లో చీకట్లో చూడటానికి కాపలా దళం ఎప్పటినుంచో అడుగుతోంది. రోజుకొకరి చొప్పున తీయిస్తారు. మొదట రూతు, చూపరుల్లో అందరికంటే చిన్నది కాబట్టి త్వరగా కోలుకుంటుంది. ఆమెకు పదిహేడు.

"నిద్ర గదిలో బూజు పట్టిందేమో ఏడాదికోసారి చూడాలి. ఒక జత చాలు. నువ్వు నెమ్మదస్తురాలివి, ఎక్కడా నోరు మెదపవు. నీవి ఉంచుతాను. చదువుకుంటావటగా?"

వసారాలోకి వచ్చాక అక్క అడిగింది.

"ఏముందే గోడమీద?"

"మేకు."

ఆమె నా భుజం పట్టుకోలేదు, గోడ పట్టుకుని నడిచింది.

"మేకు ఉందని ఒక్క ముక్క అనుంటే నేనొక్కదాన్నే పోయేదాన్ని."

నమోదు 71

రూతు నాతో మాట్లాడటం మానేసింది. నేను గిన్నెలో అన్నం పెడితే తీసుకెళ్ళి వేరేచోట కూర్చుని తింటోంది. కళ్ళు ఉన్నన్నాళ్ళూ దేన్ని చూడాలో తెలియక తన చేతుల్నే చూసుకుంటోంది.

దారి చూపింది ఖాజా భాయ్. మీటరు తిరిగి అప్పగించడానికి వచ్చాడు, ఇక కొలవడానికి ఏమీ లేదు కదా.

"చట్టం మర్చిపోయారా సిస్టర్? చూడకుండా చెప్పడం నేరం. విన్నవాళ్ళలో ఒక్కడు లేచి 'మోసం' అంటే చాలు, ఆ క్షణం హాలు మూయాలి. అప్పుడు విచారణ. విచారణంటే అసలు బొమ్మ తేవాలి, చూసేవాళ్ళు కావాలి. అది తేలేదాకా ఎవరి కళ్ళూ ముట్టుకోకూడదు."

"ఎవరు లేస్తారు భాయ్?"

"మోసపోయామని తెలిస్తే ఎవడూరుకుంటాడు? మొన్న నా పక్కింటాయన పావు కిలో వంకాయల తూకం దగ్గర ఊరంతా ఏకం చేశాడు."

అక్క విన్నది. "నేనే చెబుతాను రేపు, అందరి ముందూ," అంది. "రెండో వరసలో ఆ టీచరమ్మ ఉంటే బాగుణ్ణు. ఒక్క మాటకే పట్టుకుంది. ఆవిడ ఊరుకోదు."

నేరం ఒప్పుకుంటే అక్కను జైల్లో వేస్తారు. నేను ఆ మాట అన్నాను.

"వెయ్యనీ. జైల్లో ఆదివారాలు ఉండవా?"

నమోదు 72

హాలు ఎప్పుడూ ఇంతగా నిండలేదు. మొన్న ఏడ్చిన ఆడమనిషి చుట్టాలందర్నీ తీసుకొచ్చింది. రెండో వరసలో టీచరుగారు కూర్చున్నారు, ఒళ్ళో సంచి పెట్టుకుని. నరహరి గారు తలుపు దగ్గర నిలబడ్డారు. రూతూ మిగతా నలుగురూ గోడవారన నిలబడ్డారు. రూతు వంతు రేపు ఉదయం.

అక్క గోడ ముట్టుకోలేదు. చేతులు కిందికి వేలాడేసి నిలబడింది.

"అమ్మల్లారా, అయ్యల్లారా. నేను చూడటం లేదు. నా కళ్ళు పోయాయి. ఈ గోడమీద బొమ్మ లేదు. మొన్నా లేదు. మిమ్మల్ని మోసం చేశాను. ఎవరైనా లేచి ఆ మాట అనండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. అది కొత్త కథకు మొదలనుకున్నట్టున్నారు.

"నిజం," అంది అక్క. "రేపు పొద్దున్నుంచి ఈ పిల్లల కళ్ళు తీస్తారు. మీరు ఒక్కరు లేస్తే ఆగుద్ది."

నవ్వు ఆగిపోయింది. బల్లలు కిర్రుమన్నాయి. చీకట్లో వాళ్ళ మొహాలు నాకు కనపడుతున్నాయి. నమ్మారు. నమ్మిన మొహాలు అలాగే ఉంటాయి. ఒకతను చెప్పుల వంక చూసుకున్నాడు. ఏడ్చిన ఆడమనిషి పిల్లవాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. అందరూ పక్కవాడు లేస్తాడని కూర్చున్నారు.

నేను ముందుకు వెళ్ళాను. ఎలా వెళ్ళానో తెలియదు. "నాకు కనపడుతుందండీ. గోడ ఖాళీ. మేకు ఒకటే ఉంది. చూస్తూ చెబుతున్నాను."

నరహరి గారు నా వంక చూశారు. ఆయనకు కోపం రాలేదు. నాదీ కలిపి ఇంకో జత అని లెక్క సరిచేసుకుంటున్నట్టు తల ఊపారు.

టీచరుగారు సంచి పక్కన పెట్టారు. లేస్తున్నారనుకున్నాను. అక్క కూడా ఆ చప్పుడు వైపు తల తిప్పింది.

"మొన్ననే అర్థమైందమ్మా నాకు," అన్నారు ఆవిడ, కూర్చునే. "ఉండేది అన్నప్పుడే. ముప్పై ఏళ్ళు పిల్లల్ని దిద్దినదాన్ని, నాకు తెలియదూ?"

"మరి లేవండి," అంది అక్క.

"లేస్తే ఏమవుతుంది? హాలు మూస్తారు. ఈ కొండలో మాకున్నది ఇదొక్కటి." ఆవిడ గొంతు మెత్తగానే ఉంది. "పిల్లల సంగతి పెద్దలు చూసుకుంటారులే. మేం మూడు సొరంగాలు దాటి వచ్చాం. రేవులో నిలబడిన ఆ మనిషి ఏమైందో చెప్పు."

"అవునవును," అన్నారు వెనకనుంచి. "అది చెప్పమ్మా." "ఆమె ఎదురుచూసిందా, వెళ్ళిపోయిందా?" ఎవరో పిల్లవాడు, "ఓడ! ఓడ!" అని బల్ల మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఇంకొకరు కలిశారు.

"ఆ అమ్మాయిని కాస్త జరగమనండి," అన్నారు టీచరుగారు. "అక్కడ నిలబడి అడ్డం పడుతోంది."

అక్క చెయ్యి గోడమీదికి వెళ్ళింది. రూతు వెళ్ళిపోలేదు. గోడవారనే నిలబడి కళ్ళు పెద్దవి చేసుకుని మా అందర్నీ చూస్తోంది, బల్లల్నీ, తలల్నీ, తలుపు కింది సందునీ, ఒక్కటీ వదలకుండా.

"సముద్రం నీలంగా ఉంది," అంది అక్క.

నేను పక్కకు జరిగాను.